శాలువాల ఈమెయిళ్ళు

నెలనెలా ఓ సాహిత్య సంస్థ నుంచి నాకో ఈమెయిలు వస్తుంది. పేరు చెప్పను, ఏ సంస్థ పేరు తగిలించినా మెయిలు అదే. పైన అధ్యక్షులవారి సందేశం, కింద ఆవిష్కరణ సభ ఫొటోలు. వేదిక మీద పదకొండుమంది, అందరికీ శాలువాలు. ఆ పుస్తకంలో ఏముందో మాత్రం ఒక్క వాక్యం ఉండదు. మళ్ళీ వీళ్ళే "ఈ కాలంవాళ్ళు చదవరండీ" అని వాపోతారు.

చదవరా? ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ 'ప్రమదావనం' దశాబ్దాలపాటు నడిచింది. మా మధిరలో మా అమ్మమ్మ పత్రిక చేతికి రాగానే ముందు తిప్పే పేజీ అదే. వంట, ఇంటి గొడవ, చదువు, ఏదడిగినా ఆవిడ జవాబు చెప్పేది. 'పాత కెరటాలు'లోనూ అంతే. ఫలానా ఇంగ్లీషు నవల గొప్పదని పొగిడి ఊరుకోలేదు, కథంతా కూర్చోబెట్టి చెప్పింది. ఇంగ్లీషు రానివాళ్ళకి ఆ నవలలు అందింది అలాగే.

అంతెందుకు, నెహ్రూ 1947 అక్టోబరు నుంచి ముఖ్యమంత్రులకి పక్షానికో ఉత్తరం చొప్పున రాస్తూ వచ్చాడు. ప్రధాని హోదాలో సర్క్యులర్ పడేస్తే సరిపోయేది. ఆయన తన ఆలోచనలూ ఆందోళనలూ కూడా రాశాడు. అవి ఐదు సంపుటాల పుస్తకమయ్యాయి. మన మెయిళ్ళని ఎవరైనా పుస్తకం వేస్తారా?

"మా ఓపెన్ రేటు బాగుంది కదా" అంటారు. నా ఉద్యోగం సాఫ్ట్‌వేరే కాబట్టి చెబుతున్నా. 2021లో యాపిల్ తన మెయిల్ యాప్‌లో పెట్టిన ప్రైవసీ ఏర్పాటు వల్ల, పాఠకుడు మెయిలు తెరవకపోయినా అందులోని బొమ్మలు ముందే లోడవుతాయి. మీ లెక్కలో అదీ 'చదివినట్టే'. ఇంకోటి, జీమెయిల్ సుమారు 102 కిలోబైట్లు దాటిన మెయిలుని మధ్యలో కత్తిరిస్తుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, మన 'ప్రే' పన్నెండు బైట్లు. అంటే అధ్యక్షులవారి సందేశమే సగం కోటా తినేస్తే, అడుగునున్న ఆ ఒక్క మంచి కవితా కనబడదు.

కాబట్టి ఒక నెల ఫొటోలు ఆపండి. ఆవిష్కరించిన పుస్తకంలోంచి, రచయిత అనుమతితో, ఒక పేజీ పెట్టండి. అది మీకెందుకు నచ్చిందో, ఎక్కడ నచ్చలేదో ఎవరో ఒకరు పేరు పెట్టి రాయండి. 'కమిటీ' అని సంతకం చేయకండి, కమిటీకి ఎవరు ఉత్తరం రాస్తారు? ముందు ఆ 'నో-రిప్లై' చిరునామా తీసెయ్యండి. నేను రెండుసార్లు జవాబు రాశాను. రెండూ తిరిగొచ్చాయి.