చూసి వచ్చే యాత్రా, గుణపాఠం తెచ్చుకునే యాత్రా?

ఇటీవల జనగామలో జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుంటే గోడమీద ఒక రంగుల పోస్టరు కనిపించింది. ఉమ్రాతో పాటు మదాయిన్ సాలెహ్, జోర్డాన్, ఈజిప్టు చూపిస్తారట. ‘పరిస్థితులు అనుకూలిస్తే బైతుల్ మఖ్దిస్ కూడా’ అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. మహబూబాబాద్ నుంచీ, భూపాలపల్లి నుంచీ తెలిసినవాళ్ళు మమ్మల్ని అడుగుతున్నారు: “మౌల్వీ సాబ్, ఇది సవాబా, షికారా?”

జవాబు పోస్టరులో లేదు. బయలుదేరే మనిషి నియ్యత్‌లో ఉంది.

భూమిపై సంచరించండి, సత్యాన్ని తిరస్కరించిన జాతుల పర్యవసానం ఏమైందో చూడండి అని దివ్యఖుర్ఆన్ పదేపదే బోధిస్తుంది. కనుక పూర్వజాతుల నేల చూడటం తప్పు కాదు. అయితే ఎలా చూడాలో దైవప్రవక్త (స) స్వయంగా చూపించారు. హిజ్రీ 9లో తబూక్ వెళుతూ హిజ్ర్ ప్రాంతం మీదుగా సాగినప్పుడు, దైవశిక్షకు గురైన వారి నివాసాల్లోకి కన్నీళ్ళతో తప్ప అడుగుపెట్టవద్దని సహాబాలను హెచ్చరించారు. తల కప్పుకుని, ఒంటెను వేగంగా నడిపించారు. అక్కడి బావుల నీటితో కలిపిన పిండిని ఒంటెలకు వేయించారు. హజ్రత్ సాలెహ్ (అలై) ఒంటె నీళ్ళు తాగిన బావి నుంచే నీళ్ళు తోడుకోమన్నారు.

నేడు అదే హిజ్ర్ 2008 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం. 2019లో సౌదీ ప్రభుత్వం పర్యాటక వీసాలు ఇవ్వడం మొదలుపెట్టాక అక్కడికి రాకపోకలు బాగా పెరిగాయి.

మేము 2018లో ఒక గ్రూపుతో జోర్డాన్ మీదుగా బైతుల్ మఖ్దిస్ వెళ్ళాము. లూత్ (అలై) జాతి నాశనమైన చోటని తరతరాలుగా చెప్పుకునే బహ్రె లూత్ దగ్గర బస్సు ఆగింది. సముద్ర మట్టానికి 400 మీటర్లకు పైగా దిగువన ఉన్న ఆ ఉప్పునీటిలో మనిషి మునగడు. గ్రూపు నాయకుడు స్నానానికి గంట సమయం ఇచ్చాడు. ఒళ్ళంతా బురద పూసుకుని నవ్వులు, ఫొటోలు. మహబూబాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం బస్సు దిగలేదు. తస్బీహ్ తిప్పుతూ ఇస్తిగ్ఫార్ చదువుకుంటూ కూర్చుంది. ఆమెకు చదువు రాదు. ఇరవై ఏళ్ళు పాఠం చెప్పిన మేము మాత్రం ఫొటో దిగి వచ్చాము. ఆ సిగ్గు నేటికీ మమ్మల్ని వదలలేదు.

మస్జిదె అఖ్సాలో మాకు దొరికింది రెండు పూటల నమాజే. మిగతా సమయం బజారుకు పోయింది. పుణ్యాపేక్షతో ప్రత్యేకించి ప్రయాణం కట్టదగిన మూడు మసీదులలో అది ఒకటని ప్రవక్త (స) చెప్పిన సంగతి కార్యక్రమం రాసినవారికి గుర్తులేదు. ఆ పాత నగరంలోనే బాబా ఫరీద్ పేరుతో ముడిపడిన హిందుస్తానీ జావియా ఉంది. 1924 నుంచి మన సహారన్‌పూర్ నుంచి వెళ్ళిన అన్సారీ కుటుంబం దాని బాగోగులు చూస్తోంది. ఆ గుమ్మం దాకా కూడా మమ్మల్ని తీసుకెళ్ళలేదు.

ఇంకొక మాట. గైడు చెప్పిందల్లా రుజువైనది కాదు. అస్‌హాబె కహఫ్ గుహ అమ్మాన్ దగ్గర ఉందంటారు, టర్కీలోనూ ఉందంటారు. కైరోలో చూపే రాజు శవం మూసా (అలై) కాలపు ఫిరౌనుదేనని తేల్చిన ఆధారం లేదు. హిజ్ర్‌లో నేడు కనిపించే సమాధులు నబాతీయులవని వాటి మీది శాసనాలే చెబుతున్నాయి. ఇవి తెలిస్తే ఈమాన్ తగ్గదు. ఖుర్ఆన్ సత్యానికి గైడు సాక్ష్యం అక్కరలేదు.

మన క్రైస్తవ సోదరులూ ఆ నేలకు వెళుతున్నారు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జెరూసలేం యాత్రకు ఆర్థిక సాయం ప్రారంభించింది. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో 1939లో ప్రతిష్ఠించిన పెద్ద చర్చికి మన మసీదుల మాదిరి గుంబజులున్నాయి. ఇబ్రాహీం, మూసా, ఈసా (అలైహిముస్సలాం) పేర్లు విని వాళ్ళ కళ్ళూ చెమరుస్తాయి. వెళ్ళి వచ్చిన పొరుగువారితో కూర్చుని మాట్లాడితే ఇద్దరికీ మేలే.

చివరగా, ఖర్చు సంగతి. స్తోమత లేనివారికి హజ్జే విధి కానప్పుడు, అప్పుచేసి, ఆడపిల్ల చదువు ఆపి ఈ యాత్ర చేయడం ఏ న్యాయం? 2023 అక్టోబరులో యుద్ధం మొదలైనప్పుడు ముందే డబ్బు కట్టిన మాకు తెలిసిన ఒక కుటుంబానికి సగమే తిరిగి వచ్చింది. కాగితం మీద షరతులు రాయించుకోకుండా పైసా ఇవ్వకండి.

హజ్ బాకీ ఉన్నవారు ముందు హజ్ చేయండి. స్తోమత ఉన్నవారు తప్పక వెళ్ళండి. వెళ్ళేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ప్రవక్తల గాథలు చదవండి. అక్కడ దిగాక ఫోను కాసేపు జేబులో పెట్టండి. బస్సులో కూర్చుండిపోయిన ఆ పెద్దావిడ చూసిందే అసలు యాత్ర. అల్లాహ్ మనకూ ఆ చూపు ప్రసాదించుగాక! ఆమీన్.