నౌకర్ వేషమైతే ఇజ్జత్ పోతుందా?



మొన్న ఈద్ ముబారక్ చెప్పడానికి అమెరికాలోని వర్జీనియా నుంచి నా భాంజా ఫోన్ చేశాడు. నేను ఝరాసంగంలో ఆపా ఇంట్లోనే ఉన్నాను. అక్కడో బృందం ఉందట. పద్దెనిమిదో శతాబ్దంలో, అంగ్రేజుల హుకూమత్‌లో జనం ఎలా బతికారో, ఆనాటి లిబాస్ వేసుకుని, ఆనాటి పనులు చేస్తూ చూపిస్తారట. వీణ్ణీ రమ్మన్నారు.

"ఏం వేషం బేటా?" అంది ఆపా.

"నౌకర్ అమ్మీ."

ఆపా మొహం మాడిపోయింది. "నా జేజ్ నగలు అమ్మి చదివించింది ఇందుకేనా? ఖాందాన్ ఇజ్జత్ ఏం గాను? షేర్వానీ పంపిస్తా, నవాబు వేషం వెయ్యి."

ఆపా బాధ నాకు అర్థమైంది. అయినా నేను భాంజా వైపే.

ఆ వర్జీనియాలోనే విలియమ్స్‌బర్గ్ అనే ఊరుంది. ఆ రోజుల్లో ఆ ఊరి జనంలో సగానికి పైగా నల్లవాళ్లే, దాదాపు అందరూ గులాములే. 1994లో అక్కడ గులాముల వేలంపాటను వేషాలు కట్టి చూపిస్తామంటే పెద్ద గొడవైంది. మా దుఃఖాన్ని తమాషా చేస్తారా అని నిరసనకు వచ్చినవాళ్లలో ఒకాయన, కళ్లారా చూశాక తన రాయ్ మార్చుకున్నాడు.

మనవాళ్ల సంగతీ ఉంది. 1768లో వర్జీనియా గెజెట్ అఖ్బార్‌లో ఒక ఇష్తెహార్ వచ్చింది. థామస్ గ్రీనిచ్ అనే 'ఈస్ట్ ఇండియా' మనిషి పారిపోయాడని. పొడవాటి నల్లజుట్టు, తెల్లటి పళ్లు అంటూ, తప్పిపోయిన పశువుకు రాసినట్టు ఆనవాళ్లు రాశాడు యజమాని. భాంజా అడిగితే ఆ వేషమే అడగాలి.

ఇక్కడ మనం చేస్తున్నదేంటి? మూసారాంబాగ్ పేరు ఫ్రెంచి సర్దార్ రేమండ్ నుంచి వచ్చిందని చెప్పుకుంటాం. 1798లో ఆయన ఇంతెఖాల్ అయ్యాక, కంపెనీతో నిజాం అలీఖాన్ చేసుకున్న మువాహిదా ప్రకారం ఆ ఫౌజ్‌ను రద్దు చేశారు. వేలమంది సిపాయీలు తుపాకులు కింద పెట్టేశారు. రేమండ్‌కు మఖ్బరా ఉంది. ఆ సిపాయీల్లో ఒక్కడి పేరు మనకు యాద్ ఉందా?

మన పిల్లలకు బాద్‌షాల ఖిస్సాలే చెబుతాం. మన పెద్దల్లో ఎక్కువమంది బాద్‌షాలు కారు. చాకిరీ చేసినవాళ్లు, దున్నినవాళ్లు, మోసినవాళ్లు. వాళ్ల వేషం కడితే పోయే ఇజ్జత్ ఏముంది?

భాంజాకు ఒక్కటే షర్తు పెట్టాను. "చూడ్డానికొచ్చినవాళ్లను అడుగు బేటా, థామస్ అనేది వాళ్లమ్మ పెట్టిన పేరే అంటారా అని."

ఆపా ఏమీ అనలేదు. కాసేపాగి ఫోన్ లాక్కుని, "అక్కడ చలెక్కువ, లోపల స్వెటర్ వేసుకో" అంది.