చేనుకు పులి వస్తే కబురు చెప్పేదెవరు?

కాగజ్‌నగర్: పత్తి ఏరే రోజులు వస్తే చాలు, కొమురం భీం జిల్లా అటవీ గ్రామాల కూలీల గుండెల్లో రాయి పడుతున్నది. 2020 నవంబరు 11న దహెగాం మండలం దిగిడలో ఒక యువకుడిని పెద్దపులి చంపింది. అదే నెల 29న పెంచికల్‌పేట మండలం కొండపల్లిలో పత్తి చేనులో ఉన్న బాలిక బలైంది. సరిగ్గా నాలుగేండ్లకు, 2024లో మళ్ళీ నవంబరు 29వ తేదీనే, కాగజ్‌నగర్ మండలం గన్నారం వద్ద పత్తి ఏరుతున్న యువతి ప్రాణం పోయింది. మర్నాడే సిర్పూర్ (టి) మండలం దుబ్బగూడెంలో ఒక రైతు గాయపడ్డాడు.

వంగి పత్తి ఏరే మనిషి పులి కంటికి మనిషిలా ఆనడు, ఏదో జంతువనుకుంటుందని తెలిసినవారు చెబుతారు. పులి వెనుకనుంచి దూకుతుంది గనుక తల వెనుక కట్టుకోమని అటవీ శాఖవారు 2024లో మాస్కులు పంచారు. అందుకు తప్పు పట్టనక్కరలేదు. పొద్దెక్కాక చేనుకు పోయి పొద్దుండగానే ఇల్లు చేరాలని కూడా చెప్పారు. మంచి మాటే. కాని కూలి కిలోకింత అని కట్టిస్తారు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పోతే ఆ కూలి ఎవరిస్తారు? ఈ లెక్క ఏ అధికారీ వేసినట్టు లేదు.

మహారాష్ట్రలోని తాడోబా నుంచి సొంత తావు వెదుక్కుంటూ పులులు ఇటు వస్తున్నాయి. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించింది అవి బతకాలనే. పులి రాకూడదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. పశువు పోయిన కోపం మాత్రం ఉన్నది. 2024 జనవరిలో దరిగాం అడవిలో రెండు పులులు చచ్చాయి. పులి కొట్టిన పశువు కళేబరంలో విషం కలిపారన్నది కేసు. అది నేరమే, సందేహం లేదు. అయితే ఎద్దు పోయిన రైతుకు దుక్కి వేళకన్నా ముందే పరిహారం చేతికందితే విషం డబ్బా జోలికి పోయేవాళ్ళు తగ్గుతారు.

అసలు కొరత కబురుది. పులి అడుగులు ఏ శివారులో పడ్డాయో అటవీ సిబ్బందికే ముందు తెలుస్తుంది. బయటపెడితే ఉచ్చులవాళ్ళు కాచుకుంటారని వారి జంకు. అది ఉత్త మాట కాదు. అయినా వాగు, గుట్ట గుర్తులు చెప్పనక్కరలేదు, శివారు పేరు చెబితే చాలు. ఆ సాయంత్రమే డప్పు చాటింపు వేయించాలి. సెల్‌ఫోను సందేశాలు సర్పంచుకు, యువకులకు చేరతాయేమో గాని, తెల్లారి ఒడి కట్టుకుని చేనుకు పోయే ముసలమ్మకు చేరవు. చాటింపు వేసిన రోజున ఆ చేలలో కూలీలు గుంపుగా ఏరేలా, కాపలాకు ఇద్దరు సిబ్బంది ఉండేలా చూడాలి.

దసరా నాటికి పత్తి పగులుతుంది. ఆలోగా రేంజి ఆఫీసర్లు ఊరూరా గ్రామసభ పెట్టి, కబురు ఎవరి ద్వారా వస్తుందో, పని మానిన పూటకు కూలి సంగతేమిటో కూలీల ముందే తేల్చాలి.