ముందేది, తరువాత నేది

గుడుపల్లె మండలములో, కుప్పము మీదుగా బెంగుళూరునకు పోవు రైలుమార్గము చుట్టుపట్ల నున్న పల్లెలలో, ఎకరమో రెండెకరములో మల్బరీ తోటయు, దాని ప్రక్కన పట్టుపురుగుల షెడ్డును గల రైతు నెవరినైనను "ఎట్ల పెంచుతారన్నా?" అని యడిగినచో, ఆయన చెప్పు సమాధానము వర్ణనగా నుండదు, క్రమముగా నుండును. షెడ్డును కడిగి మందు కొట్టుటతో ఆరంభించి, చాకీ యనబడు లేత పురుగులను తెచ్చి పరచుట, జ్వరమునకు కూర్చున్నప్పుడు మేత నాపి సున్నము చల్లుట, జ్వరమునుండి లేచిన పిదప మరల ఆకు వేయుట, పండిన పురుగులను ఏరి గూళ్లు కట్టుటకు చంద్రిక లను తట్టలకెక్కించుట, గూళ్లు గట్టిపడిన మీదట విప్పుట అను ఈ పనులను ఆయన వ్రేళ్లమీద లెక్కపెట్టినట్లు ఒకదాని వెనుక నొకటిగా చెప్పుకొనిపోవును. అడుగువాడు మధ్యలో ఏదైన ప్రశ్న వేసినచో, "ఆగు సామీ, అది వెనక వస్తాది" అని వారించుటయు కద్దు.

ఈ వారింపులోనే శాస్త్రమంతయు నున్నది. గ్రుడ్డునుండి వెలువడిన పురుగు గూడు కట్టుటకు సుమారు ఇరువదియైదు దినములు పట్టును. ఆ కాలములో అది నాలుగుసార్లు చర్మము విడుచును. చర్మము విడుచు ఆ నిశ్చలావస్థనే రైతులు జ్వర మందురు. అన్నియు కూర్చొనకముందే మేత మానిన వెనుకబడినవి ఆకలిగొనును. అన్నియు లేవకముందే మేత వేసిన ముందు లేచినవి తిని బలిసి, తక్కినవి చిక్కి, ఒకే పడకలో పెద్దవియు చిన్నవియు కలిసి, తుదకు గూళ్లన్నియు ఒక్కసారి చేతికి రావు. గూళ్లను తొందరపడి విప్పినచో లోపలి ప్యూపా చర్మ మింకను మెత్తగా నుండుటచేత చిట్లి, పట్టునకు మరక తగులును. అనగా, ఈ విద్యలో ప్రతి వాక్యమును సత్యమే యైనను, వాక్యముల వరుస తప్పినయెడల అదంతయు అసత్యమగును.

ఇట్టి విద్యలు నేడు సెల్ ఫోనులలోనికి వచ్చినవి. కోరదగినదే. కాని వచ్చిన తీరు మాత్రము నా కంతగా రుచించుట లేదు. తెలుగులో "ఎట్లు చేయవలెను" అను వ్రాతలు పెక్కు, పేరా వెనుక పేరాగా, నడుమ నడుమ శుభాకాంక్షలతోను, చివర సంప్రదించుడను పలుకుతోను, ఏది పనియో, ఏది సామగ్రియో, ఏది హెచ్చరికయో వేరుపడకుండ సాగిపోవుచుండును. ఓపికగల పాఠకుడు వానిని విడదీసికొనగలడు. వెదకు యంత్రమున కట్టి ఓపిక లేదు. అక్షరములను చూచుచున్నదే గాని, నాలుగవ వాక్యము మూడవ వాక్యము తరువాతనే చేయవలసిన పని యని అది ఊహించుకొనవలసినదే. ఆ యూహ మన యింటిలో జరుగుటలేదు గనుక, తప్పినపుడు మనకు తెలియదు.

ఈ లోపమును తీర్చుటకే 2011 జూన్ నెలలో గూగుల్, మైక్రోసాఫ్ట్ వారి బింగ్, యాహూ అను మూడు ప్రతిస్పర్ధి సంస్థలు ఏకమై స్కీమా.ఆర్గ్ అను ఉమ్మడి పదకోశమును ప్రకటించినవి. ఆ సంవత్సరముననే రష్యాకు చెందిన యాండెక్స్ కూడ వచ్చి చేరినది. దీని రూపకర్తలలో ముఖ్యుడైన ఆర్.వి. గుహా మద్రాసు ఐఐటీలో చదివినవాడు. అంతకు పూర్వము నెట్‌స్కేప్ సంస్థలో నుండగా, వెబ్‌సైటుల క్రొత్త వ్రాతలను అందజేయు ఆర్.ఎస్.ఎస్. అను పద్ధతి రూపకల్పనలో పాల్గొన్నవాడు. ఈ కోశములో పని నేర్పు వ్రాతలకు "హౌటూ" అను తరగతి కలదు. దానికి పేరు, మొత్తము పట్టు కాలము, కావలసిన సామగ్రి, పనిముట్లు, వరుసగా నడుచు మెట్లు, మెట్టునకు తగిన బొమ్మ, చిట్కా అను అరలు కలవు. పేజీలో పాఠకుని కంటబడు వ్రాతను ముట్టుకొనకయే, దాని వెనుక జేసన్-ఎల్‌డీ అను పద్ధతిలో చిన్న పట్టిక నొకదానిని చేర్చిన చాలును. ఇది మొదటి మెట్టు, ఇది రెండవది, ఇది సామగ్రి యని యంత్రమునకు స్పష్టమగును. వంటల విధానమునకు గల తరగతియు ఈ హౌటూ యొక్క సంతానమే.

ఇందులో మన పూర్వులకు తెలియని మహావింత యేదియు లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణమును సంజ్ఞాపరిచ్ఛేదముతో ప్రారంభించెను. ముందు సంజ్ఞలను ఏర్పరచి, ఆ మీదట సూత్రములను ఆ సంజ్ఞలతోనే నడిపించుటచేత, తరువాతి గ్రంథము ఎంతో క్లుప్తముగను సందేహరహితముగను సాగినది. స్కీమా.ఆర్గ్ అన్నది ఈ యుగపు సంజ్ఞాపరిచ్ఛేదము; లోపమెక్కడనన్న, సూత్రము వ్రాయవలసిన తెలుగువారమే ఇంకను ఆ పరిచ్ఛేదమును చదువకుండుట.

ఇచ్చట ప్రతివాది యొకడు తప్పక లేచును. అతని మాటలో బలమును లేకపోలేదు. గూగుల్ సంస్థ 2019లో ఈ గుర్తులు గల వ్రాతలకు వెదకుడు ఫలితములలో ప్రత్యేకమైన అలంకారము కల్పించి, మెట్లను బొమ్మలతో సహా అక్కడనే చూపించుట మొదలిడినది. దానిని జూచి ప్రపంచమంతట వెబ్‌సైటులు నడుపువారు ఎగబడిరి. మెట్లు లేని వ్రాతలకును మెట్లు అంటగట్టిరి. 2023 ఆగస్టులో ఆ సంస్థయే, ఫలితముల పుటను సరళము చేయుదుమని చెప్పి, ఈ ప్రదర్శనను సెల్ ఫోనులనుండి తొలగించి, సెప్టెంబరులో కంప్యూటర్లనుండియు తీసివేసినది. వంటల ప్రదర్శన మాత్రము నిలిచినది. "పరాయి సంస్థ ఇచ్చకము కొఱకు మనమేల శ్రమపడవలెను? ఇచ్చిన చేతితోనే పుచ్చుకొన్నారు గదా!" అని ప్రతివాది యడుగును.

ప్రదర్శన కొఱకు గుర్తులు పెట్టినవారికి ఆ ప్రశ్న తగును. నేను కోరునది వేరు. ఈ పదకోశము ఏ యొక్క సంస్థ యిలాకా కాదు. 2015 నుండి, వెబ్ ప్రమాణములను రూపొందించు డబ్ల్యూ3సీ వారి ఆధ్వర్యమున బహిరంగమైన చర్చాసంఘము దానిని పెంపొందించుచున్నది. గూగుల్ అలంకారము పోయినను హౌటూ అను తరగతి కోశములో యథాతథముగా నున్నది. దానిని గ్రహించు యంత్రము నేడు ఒకటి, రేపు వేరొకటి; వ్రాసిన క్రమము మాత్రము వ్రాసినవానిదే. అయినను నా కన్నిటికంటె ముఖ్యముగా తోచు ప్రయోజనము యంత్రమునకు సంబంధించినదే కాదు, రచయితకు సంబంధించినది.

"షెడ్డును తగినంత బ్లీచింగు పొడితో శుద్ధిచేయవలెను" అను వాక్యమును తీసికొందము. పేరాలో నున్నంతసేపు ఇది నిండుగానే కనబడును. దీనిని అరలలో సర్ద మొదలిడుడు. సామగ్రి యను అరలో బ్లీచింగు పొడి యని వ్రాసితిమి; ఎంత? నూటికి రెండు పాళ్లు, అదియు వట్టి నీటిలో గాదు, 0.3 శాతము సున్నపు నీటిలో. ఆ సున్నము ఇంతవరకు వ్రాతలో రాలేదు. పనిముట్టు అను అర ఖాళీగా నున్నది. కొట్టుటకు స్ప్రేయరు కావలెను. లేత పురుగులకు ఇరువదియేడు, ఇరువదియెనిమిది డిగ్రీల వెచ్చదనమును, ఎనుబది శాతమునకు మించిన తేమయు అవసరమని తరువాతి మెట్టులో వ్రాయబోవుచున్నాము. కాని వానిని కొలుచు సాధనమును ఎక్కడను పేర్కొనలేదు. ఎదిగిన పురుగులకు వెచ్చదనమును తేమను తగ్గింపవలెనన్న మాటయు వదలిపోయినది. అర ఖాళీగా కనబడునపుడు రచయితకు సిగ్గు కలుగును, ఆ సిగ్గు మంచిది. ఈ పదకోశము వెదకుడు యంత్రముల కొఱకు పుట్టినదైనను, సంపాదకుని పని చేయుచున్నది.

అన్నియు అరలలో నిముడునని నే ననను. పురుగులు జ్వరమునకు కూర్చున్నవో లేదో రైతు అవి తల యెత్తియుంచిన తీరును, చర్మపు మెరపును జూచి చెప్పును. పండినవానిని వాని దేహము పసుపుపచ్చగా, పారదర్శకముగా మారుటను బట్టి ఏరును. ఇది దినములను లెక్కించి వ్రాయదగిన మెట్టు కాదు. చలికాలములో ఒకరోజు ఆలస్యమగును, ఎండకాలములో ముందుపడును. ఆ కోశమును కూర్చినవారికిని ఈ సంగతి తెలిసియే కాబోలు, ఆజ్ఞకు ఒక సంజ్ఞయు చిట్కాకు ఒక సంజ్ఞయు వేరువేరుగా పెట్టిరి. మన రచయితలు చిట్కాను ఆజ్ఞగా వ్రాయకుండినచో అదియే పదివేలు.

గుర్తుల మాట కంటె ముందు అక్షరముల మాట యొకటి కలదు. తెలుగులో రైతుల కొఱకు ముద్రితమైన విలువగల కరపత్రములు అనేకములు "అను" ఫాంట్ల వంటి పాత పద్ధతులలో కూర్పబడినవి. ముద్రణయందు తెలుగే యైనను, కంప్యూటరుకు అవి అర్థములేని రోమను గుర్తులు. మరికొన్ని కాగితమును ఫోటో తీసి ఎక్కించినవి. ఇట్టివానికి మెట్ల పట్టిక తగిలించుట పునాది లేని మేడకు నిచ్చెన వేయుట. ముందు యూనికోడులో వ్రాత, పిదప గుర్తు. పట్టికలో నున్నదంతయు పాఠకుని కంటికి పేజీలో కనబడవలెనన్న నియమము కూడ కలదు. వెనుక పట్టికలో ఒకటి, పైన పేజీలో మరొకటి వ్రాయువారిని వెదకుడు సంస్థలు శిక్షించుటయు కద్దు. మెట్టునకు నడుమ ఫలానా దుకాణపు మందే కొనుడని దూర్చుటను నేనైతే అంతకన్న పెద్ద నేరముగా నెంచుదును.

గుడుపల్లె ప్రాంతమునకు ఈ విషయములో ఒక సౌలభ్యము కలదు. ఇచ్చటివారికి కన్నడ, తమిళ సీమలు కూతవేటు దూరము. సరిహద్దు కావలి కోలారు జిల్లాలోను ఇదే పురుగు, ఇదే ఆకు. కుప్పములోనే 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయము ఈ భాషల తులనాత్మకాధ్యయనము కొఱకే పుట్టినది. మెట్లు విడివిడిగా గుర్తింపబడిన పుట తెలుగులో ఉన్నచో, దానినే కన్నడములోను తమిళములోను అదే సంఖ్యల క్రింద నిలుపవచ్చును; ఏ భాషలో వ్రాసినదో తెలుపుటకును ఆ కోశములో ఒక అర కలదు. మూడవ మెట్టులో కొలత మారినచో మూడు భాషలలోను మూడవ మెట్టునే సవరించిన సరిపోవును. పేరాలుగా వ్రాసిన అనువాదములలో ఈ సవరణ ఎక్కడ చేయవలెనో వెదకుకొనుటకే పూట గడచును. పట్టు శాఖలో పనిచేసిన అనుభవజ్ఞు డొకరు, తోట పని చేసిన రైతు లిద్దరు, మూడు భాషల విద్యార్థులు ముగ్గురు కూర్చున్న వారములో ఒక పుట సిద్ధమగును. రైతు చదివి "ఇక్కడ ఒకటి వదిలినారే" అన్న చోటు దిద్దిన తరువాతనే దానికి గుర్తులు పెట్టవలెను. తొలుత షెడ్డు శుద్ధిని గూర్చిన పుట యొక్కటి చాలును. మదనపల్లె వారి టమాటా నారు సంగతియు, పుంగనూరు ఆవుల మేత సంగతియు, ఆ పుటను రెండు పంటలపాటు వాడి చూచిన పిమ్మట తలపెట్టవచ్చును.