రోజుకు 20 రూపాయలు: ఇబ్రహీంపట్నం బండ్లోళ్ల ప్రణాళిక

మా సంఘానికి ఇంకా పేరు పెట్టలేదు. పేరు కోసం మూడుసార్లు కూర్చున్నాం, మూడుసార్లూ చాయ్ తాగి లేచాం. పేరు కుదరకపోయినా మాట కుదిరింది కాబట్టి ముందు దాన్ని రాసి పెడుతున్నాం.

మాలో ఇబ్రహీంపట్నం చౌరస్తా నుంచి మంచాల, యాచారం, మాల్ దాకా షేరింగ్ ఆటోలు నడిపేవాళ్లున్నారు. కోడి కూయకముందే ఎల్బీనగర్ వైపు కూరగాయలు తోలే ట్రాలీ ఆటోల వాళ్లున్నారు. పాత బండికి అటొకటి ఇటొకటి పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్లు, మంగళ్‌పల్లి, శేరిగూడ కాలేజీల్లో వంటకూ ఊడ్పుకూ పోయేవాళ్లు, ఆదిబట్ల కంపెనీల్లో కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు ఉన్నారు. అందరికీ సొంత బండి ఉంది. సొంతమంటే, కొందరి విషయంలో అది ఫైనాన్సు వాళ్లకు సొంతం, తోలడం మాత్రం మాది.

ముందుగా ఒకటి తేల్చి చెబుతున్నాం. ఇన్సూరెన్స్ వద్దనే సంఘం కాదు మాది. బొంగ్లూరు గేటు దాటాక సాగర్ రోడ్డు మీద టిప్పర్ పక్కనుంచి పోతే ఆ గాలికే బండి ఊగుతుంది. ఆ రోడ్డు మీద పడిపోయేది మేమే, ఒక్కోసారి ఇంకొకరిని పడగొట్టేదీ మేమే. 1988 మోటారు వాహనాల చట్టంలో 146వ సెక్షన్ ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండాలంటుంది. ఈ థర్డ్ పార్టీ ఎవరో దొరబాబు కాదు. గుంగల్ దగ్గర బస్సు కోసం నిలబడ్డ మా వదిన, సైకిల్ మీద గడ్డిమోపు తెచ్చే మా పెదనాయన. వాళ్లకు దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరో ఒకరు భరించాలి. కాబట్టి ఆ సెక్షన్‌ను తీసెయ్యమని మేం అడగం. అడిగిన తమ్ముళ్లు ఇద్దరున్నారు, వాళ్లకు మా మొదటి మీటింగులోనే జవాబు చెప్పాం. మా గొడవంతా వసూలు చేసే తీరు మీద.

ఇక లెక్క. 2022 జూన్ 1 నుంచి కేంద్ర రవాణా శాఖ అమల్లోకి తెచ్చిన రేట్లలో ప్యాసింజర్ ఆటోకు థర్డ్ పార్టీ మూల ప్రీమియం 2,371 రూపాయలు, ఆపైన సీటుకు 1,134. ముగ్గురు కూర్చునే ఆటోకు 5,773. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,039. వెరసి 6,812. నడిపేవాడి సొంత ప్రాణానికి తీసుకోవాల్సిన 15 లక్షల ప్రమాద బీమా దీనికి వేరు. అదే 1000 నుంచి 1500 సీసీ సొంత కారుకైతే మూల ప్రీమియం 3,416. ఆటో పొద్దంతా రోడ్డు మీదే ఉంటుంది, మనుషుల్ని ఎక్కించుకుంటుంది, కాబట్టి ఎక్కువ ఉంటుందన్న వాదన మేం కాదనం. కాదనేది ఒక్కటే: ఏడాదికోసారి, ఒకే రోజు, ఒకే మొత్తంగా కట్టమనడం. ఏ రోజు గిరాకీ ఆ రోజు పొయ్యి మీదికి పోయే ఇంట్లో ఏడు వేలు ఒక్కచోట చేరేది పండగకో, పెళ్లికో, వడ్డీకి తెస్తేనో.

పాత బండ్ల కథ ఇంకా విచిత్రం. 75 నుంచి 150 సీసీ టూవీలర్‌కు 714 రూపాయలు, జీఎస్టీతో 843. షోరూం నుంచి నిన్న దిగిన బండికీ అంతే, 12 వేలకు మూడో చేతికొచ్చిన బండికీ అంతే. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త టూవీలర్‌కు ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఒకేసారి తీసుకోవాలి. కొనేవాడు దాన్ని బండి ధరలో కలిపి లోన్లో పెట్టేస్తాడు, బరువు తెలియదు. ఐదేళ్లు తిరిగేసరికి బండి పాతబడుతుంది, ఆయన అమ్ముతాడు, మేం కొంటాం. సరిగ్గా పాలసీ అయిపోయే ఏటికే బండి మా గుమ్మం ముందుకొస్తుంది. దేశంలో తిరిగే బండ్లలో సగానికి పైగా వాటికి బీమా లేదని పార్లమెంటు స్థాయీసంఘమే లెక్క చెప్పింది. ఆ సగం ఎవరి ఇంటి ముందు నిలబడి ఉందో ఎవరూ అడగలేదు.

బీమా లేకుండా దొరికితే చట్టంలో మొదటిసారి 2,000 జరిమానా, మళ్లీ దొరికితే 4,000, మూడు నెలల దాకా జైలు కూడా రాసుంది. 843 కట్టలేనివాడు 2,000 ఎట్లా కడతాడని ఆ చట్టం రాసినవాళ్లు ఆలోచించి ఉంటారని మేం అనుకోవడం లేదు. చలానాల సంగతి అందరికీ తెలుసు. 2023 డిసెంబర్‌లో మన రాష్ట్రంలో పెండింగ్ చలానాల మీద టూవీలర్లకు, ఆటోలకు 80 శాతం మాఫీ ఇచ్చారు. లైన్లో నిలబడి కట్టాం, సంతోషించాం. కానీ తప్పు చేసినవాడికి దొరికిన రాయితీ, తప్పు చేయకుండా ముందే పాలసీ కట్టినవాడికి ఎందుకు లేదన్నది అప్పుడే పుట్టిన ప్రశ్న. ఈ సంఘం పుట్టిందీ ఆ లైన్లోనే.

జీఎస్టీ గురించి గట్టిగా మాట్లాడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తులు తీసుకునే జీవిత బీమా, ఆరోగ్య బీమా మీద జీఎస్టీ పూర్తిగా తీసేశారు. మంచిదే. అవి ఇష్టమైతే తీసుకునేవి. చట్టం మెడ మీద కత్తి పెట్టి కట్టించే థర్డ్ పార్టీ మీద మాత్రం టూవీలర్‌కూ ప్యాసింజర్ ఆటోకూ 18 శాతం అట్లాగే ఉంది. సర్కారు తప్పనిసరి చేసిన దాని మీద సర్కారే పన్ను వేసుకోవడం ఏ న్యాయమో మాకు అర్థం కాలేదు. టూవీలర్లకు, ప్యాసింజర్ ఆటోలకు, ట్రాలీ ఆటోలకు తప్పనిసరి థర్డ్ పార్టీ మీద జీఎస్టీ సున్నా కావాలి. ఇది మా మొదటి డిమాండ్, దీని మీద రాజీ లేదు.

పక్క రాష్ట్రంలో 2019 అక్టోబర్‌లో వాహనమిత్ర పేరుతో సొంత ఆటో, ట్యాక్సీ నడిపేవాళ్లకు ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, రిపేర్ల కోసమని ఏటా 10 వేలు మొదలుపెట్టారు. అక్కడ సర్కారు మారాక 2025 అక్టోబర్ 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో 15 వేలు వేశారు. మన దగ్గర 2023 ఎన్నికల్లో ఏటా 12 వేలు ఇస్తామని మాటిచ్చారు. ఆ మాట నిలబెట్టుకోమని అడుగుతాం. ఆడబిడ్డలకు ఉచిత బస్సు వచ్చాక మా గిరాకీ పడిపోయిన మాట నిజమే, అయినా ఆ బస్సులో మా ఇంటి ఆడవాళ్లే ఎక్కుతున్నారు, దాని మీద మాకు పగ లేదు. ఒక్క చిన్న ముచ్చట: పక్క రాష్ట్రంలో లాగా సర్కారు ఒక చేత్తో 15 వేలిస్తే, అందులోంచి ఆటోవాడు పాలసీ కట్టిన రోజు 1,039 జీఎస్టీగా వెనక్కి పోతుంది. ఇచ్చి తీసుకునేకన్నా తీసుకోకుండా ఉంటే కాగితం తక్కువ ఖర్చవుతుంది.

మా రెండో డిమాండ్ కిస్తీ. ఇక్కడి కాలేజీల్లో చదివి అమెరికా పోయిన పిల్లలు ఫోన్లో చెబుతారు, అక్కడ కారు ఇన్సూరెన్స్ నెలనెలా కట్టొచ్చని. కాలిఫోర్నియాలో తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు చవక బీమా పథకమే వేరుగా ఉందట, 1999లో చట్టం చేసి తెచ్చారు. ఫోన్ రీచార్జి 28 రోజులకు చేయించుకునే దేశంలో థర్డ్ పార్టీని నెలకు ఇంతని కట్టనివ్వడం కష్టమేం కాదు. ఒక నెల తప్పితే పాలసీ చచ్చిపోకుండా కొన్ని రోజుల గడువుండాలి. పాలసీ పోతే ఫిట్‌నెస్ ఆగుతుంది, ఫిట్‌నెస్ లేని ఆటో రోడ్డెక్కితే పట్టుకుంటారు. ఒక్క దారం లాగితే మొత్తం చొక్కా ఊడినట్టు.

మూడోది అసలు కీలకం, దీని గురించి ఎక్కడా ఎవరూ మాట్లాడగా వినలేదు. గుద్ది పారిపోయిన బండి ఎవరిదో తెలియకపోతే చనిపోయిన మనిషి కుటుంబానికి కేంద్రం నిధి నుంచి 2 లక్షలు వస్తాయి, 2022 ఏప్రిల్ 1 నుంచి. అంతకుముందు 25 వేలే ఉండేది. కానీ గుద్దినవాడు పారిపోకుండా ఆగి, బాధితుణ్ణి తన ఆటోలోనే ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకుపోయి, తర్వాత పాలసీ లేదని తేలితే? ఆ 2 లక్షలు రావు. బాధితుడి కుటుంబం కోర్టుకెళ్లి ఆటోవాడి మీద డిక్రీ తెచ్చుకోవాలి. ఆటోవాడి దగ్గర ఏముంది? ఫైనాన్సులో ఉన్న ఆటో, రేకుల ఇల్లు. చివరికి స్టేషన్ దగ్గర పెద్దమనుషుల్లో ఏదో పది, ఇరవై వేలకు రాజీ. అంటే ఆగినవాడి వల్ల బాధితుడికి నష్టం, పారిపోయినవాడి వల్ల లాభం. 2025 మే నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేని వైద్యం పెట్టారు, అది మేలే. ఎనిమిదో రోజు సంగతే మేం అడిగేది. పాలసీ లేని బండి గుద్దినా ఆ నిధి ముందు బాధితుడికి చెల్లించాలి, తర్వాత మా దగ్గర కిస్తీల్లో వసూలు చేసుకోవాలి. క్లెయిమ్ కేసు వేయడానికి పెట్టిన ఆరు నెలల గడువు కూడా పోవాలి. కాలు విరిగి మంచం మీదున్న కూలీకి ఆరు నెలలు మందుల చీటీలు చూసుకోవడానికే సరిపోతాయి.

ఇప్పుడు బస్సు సంగతి. మా ఊరి డిపో నుంచి బయటికొచ్చే ఆర్టీసీ సొంత బస్సుకు ఇన్సూరెన్స్ ఉండదు. ఇది ఫిర్యాదు కాదు, చట్టంలోనే ఉంది. 146వ సెక్షన్ కింద రవాణా సంస్థకు మినహాయింపు ఇవ్వొచ్చు, దానికి బదులు ప్రమాద పరిహారం కోసం సంస్థ సొంత నిధి పెట్టుకోవాలి. కంపెనీకి ప్రీమియం కట్టకుండా, తన తప్పుకు తన డబ్బాలోంచే చెల్లిస్తుంది. అదే దారి ఆటోవాళ్లకు ఎందుకు మూసేశారు? జిల్లా మొత్తం ఆటోలు కలిసి, రిజిస్టరైన సహకార సంఘంగా, సర్కారు పర్యవేక్షణలో నిధి పెట్టుకోవడానికి చట్టం సవరించాలి. చిట్టీలు నడపడం మాకు ఒకరు నేర్పాల్సిన పని లేదు.

ఒక విషయంలో మాలో మాకే కుదరలేదు, దాన్ని దాచడం లేదు. దక్షిణాఫ్రికాలో రోడ్డు ప్రమాద నిధికి డబ్బు పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు ఇంతని వస్తుంది. పాలసీ కొనే పనే లేదు, నూనె పోయించుకున్నవాడు కట్టినట్టే. పాలవాళ్లు, కాలేజీ పనివాళ్లు ఇది బాగుందన్నారు. ఆటోవాళ్లు లేచి నిలబడ్డారు: 'పొద్దంతా తిరిగేది మేము, ఎక్కువ మండించేది మేము, అందరి భారం మా నెత్తిన పెడతారా?' ఆ దేశంలో ఆ నిధి అప్పుల్లో కూరుకుపోయిందని ఇంకొకరు గుర్తు చేశారు. ఈ పద్దు ఖాళీగా వదిలాం.

కంపెనీలకు ఒకటే చెబుతాం. మాలో ఒకరి ఆటో 12 ఏళ్ల పాతది. ఏజెంటు ఫోన్ చూసి, మళ్లీ చూసి, 'సిస్టం తీసుకుంటలేదన్నా' అన్నాడు. ఇంకోచోట ఫుల్ ఇన్సూరెన్స్ తీసుకుంటేనే ఇస్తామన్నారు. మూడు రోజుల గిరాకీ పోయాక నెట్ సెంటర్ పిల్లాడు పది నిమిషాల్లో తీసిచ్చాడు. థర్డ్ పార్టీ ఇవ్వననే హక్కు కంపెనీకి లేదు. డ్రైవర్‌కు రవాణా లైసెన్సు లేదని క్లెయిమ్ ఎగ్గొట్టే సాకు కూడా ఇక చెల్లదు: తేలికపాటి వాహనాల (ఎల్‌ఎంవీ) లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా బండి నడపొచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబర్ 6న ఐదుగురు జడ్జీల ధర్మాసనం అదే ఖాయం చేసింది. ఆ తీర్పు సంగతి తెలుగులో ఒక పేజీ రాయించి అడ్డాలో అతికిస్తాం.

అడిగేవి అడిగాం. ఇక మేం చేస్తామని మాటిచ్చేవి. యాక్సిడెంట్ అయ్యాక తోలినవాడిని తప్పించి, లైసెన్సు ఉన్నవాడిని డ్రైవర్‌గా చూపించే పని మాలో ఎవరూ చేయరు. ఇన్నాళ్లూ చేయలేదని అనడం లేదు. రెండు వందలకు పాలసీ అని ఎవడో వాట్సాప్‌లో పంపే కాగితం కొనం. ట్రాక్టర్ ట్రాలీలో కూలీలను ఎక్కించం. పక్క యాదాద్రి జిల్లాలో వేములకొండ దగ్గర 2018 జూన్ 24న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు, నాట్లకూ కలుపులకూ పోయే మా ఆడవాళ్లలాంటివాళ్లే. వ్యవసాయానికి తీసుకున్న పాలసీ ట్రాలీలో కూర్చున్న మనుషులకు పనికిరాదని కంపెనీలు కోర్టుల్లో వాదిస్తాయి. ఆ వాదనకు అవకాశం ఇవ్వం.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోం కాబట్టి డబ్బా ఒకటి పెట్టాం. ఆటోవాళ్లు రోజుకు 20 రూపాయలు, టూవీలర్ వాళ్లు వారానికి 20. ఆటోకు ఏడాదికి 7,300, బండికి 1,040 అవుతుంది, పాలసీకి సరిపోతుంది. గిరాకీ లేని రోజు వేయకపోయినా ఎవరూ ముఖం చిట్లించకూడదు, ఆ నెలలో సర్దాలి. డబ్బాకు రెండు తాళాలు. ఒక చెవి చాయ్ హోటల్ అక్క దగ్గర, ఇంకొకటి మాలో అందరికన్నా పెద్దాయన దగ్గర ఉంటాయి. పక్కనే నోటుబుక్కు, అందులో బండి నంబరు, పాలసీ అయిపోయే తారీఖు. ఇప్పటికి 41 బండ్లు రాశాం. మొదటి తారీఖు వచ్చే నెల 9న, మంచాల రూటు ఆటోది. దానికి ఇంకా 1,360 తక్కువుంది.