వేలికొనయందలి దయ

పరుల దుఃఖమును జూచిన మనసు కరగుట లోకసహజము. కాని ఫోనునందు క్షణమునకొక దుఃఖమును చూచి, వేలితో త్రోసివేయువానికి కరగుటకు తీరిక యెక్కడిది?

2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రమునందలి ధూలే జిల్లా రైన్‌పాడా గ్రామమున, బిడ్డలనెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వాట్సాప్ వదంతిని నమ్మి, ఐదుగురు సంచారభిక్షుకులను జనులు కొట్టి చంపిరి. అడ్డుపడవలసిన చేతులు కొన్ని ఆ దృశ్యమును ఫోనులలో పట్టుచుండెను! ఒక సందేశమును ఒకేమారు ఐదు చోట్లకు మించి పంపరాకుండ మన దేశమున కట్టడి చేయుదుమని వాట్సాప్ సంస్థ ఆ నెలలోనే ప్రకటించెను. కట్టడి మంచిదే, అది వేలిని ఆపగలదు గాని హృదయమును మేల్కొల్పజాలదు.

విచారణ లేనిదే శిక్ష లేదనుట న్యాయస్థానమున మొదటి పాఠము. ఆ పాఠము మన అరచేతిలోని ఫోనునకును వర్తింపవలెనని మేము తలంచుచున్నాము. పాఠకమహాశయులారా! పంపుటకు ముందు విచారింపుడు. వేడుక చూచుటకు మారుగా చేయి చాపుడు. ఐదు ప్రాణములు పోయిన పిమ్మటనైనను ఇంతమాత్రము నేర్వకున్నచో, మన చదువు దేనికి?