స్టార్టర్ డబ్బాలో ఆ 'టక్' శబ్దం ఉండనివ్వండి



ఈమధ్య ఏ మోటార్ షెడ్డు దగ్గర నలుగురు కూడినా ఒక మాట వినపడుతోంది. "కాంటాక్టర్ పాతకాలం సరుకు, పాయింట్లు కాలిపోతాయి, అది తీసేసి సాలిడ్ స్టేట్ రిలే పెట్టుకో, ఇక జన్మలో రిపేరు రాదు" అని. కుర్రాళ్లు ఫోన్లో వీడియో చూపించి మరీ చెప్తున్నారు. కొత్త సరుకు మీద నాకు కోపమేమీ లేదు. అది ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుంది అన్నది తేల్చుకుని కొనమంటున్నా.

ముందు తేడా ఏంటో చూద్దాం. కాంటాక్టర్‌లో కాయిల్‌కు కరెంటు ఇస్తే అయస్కాంతమై పాయింట్లను లాగి కలుపుతుంది, తీసేస్తే స్ప్రింగు విడదీస్తుంది. మధ్యలో గాలి సందు ఉంటుంది. సాలిడ్ స్టేట్ రిలేలో కదిలేది ఏదీ లేదు. లోపల ట్రయాక్ గానీ థైరిస్టర్లు గానీ ఉండి అవే కరెంటును వదులుతాయి, ఆపుతాయి. శబ్దం రాదు, నిప్పురవ్వ రాదు, అరిగేది లేదు. ఇంతవరకు వీడియోల్లో చెప్పేది నిజమే.

ఇక లెక్క వేద్దాం. బోరు మోటార్‌ను రోజుకు నాలుగుసార్లు ఆన్ చేస్తామనుకోండి, ఏడాదికి 1,460 సార్లు. పాయింట్లు లక్షసార్లే తట్టుకుంటాయన్నా 68 ఏళ్లు వస్తాయి. అంటే మన కాంటాక్టర్లు అరిగి పోవడం లేదు. లో వోల్టేజీలో గర్రుమని కొట్టుకుని, స్క్రూలు వదులై, చీమలు దూరి, బల్లి పడి పోతున్నాయి. దానికి మందు డబ్బా కన్నాలు మూయడం, ఏడాదికోసారి మెయిన్ తీసి స్క్రూలు బిగించడం, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టడం. సాలిడ్ స్టేట్ రిలే పెట్టినంత మాత్రాన లో వోల్టేజీ పోదు, ఫేజు పోవడం ఆగదు. మోటార్ ఎలాగూ కాలుతుంది.

రెండోది వేడి. 5 హెచ్‌పీ మోటార్ సుమారు 8 ఆంపియర్లు తీసుకుంటుంది. సాలిడ్ స్టేట్ రిలేలో ఒక్కో ఫేజుకు వోల్టు నుంచి వోల్టున్నర లోపలే పోతుంది. మూడు ఫేజులకు కలిపి 25 నుంచి 35 వాట్ల వేడి. మోటార్ తిరిగినంతసేపూ ఒక సోల్డరింగ్ ఐరన్ డబ్బాలో పెట్టి మూత వేసినట్టే. అసలే మే నెల ఎండలో రేకు డబ్బా! పైన 40 ఆంపియర్లు అని రాసున్నా, అది పెద్ద అల్యూమినియం హీట్ సింక్ మీద బిగించినప్పటి మాట. హీట్ సింక్ లేకపోతే నాలుగైదు ఆంపియర్లకు మించి నమ్మలేం. పైగా స్టార్టింగ్‌లో మోటార్ ఐదారు రెట్లు లాగుతుంది.

మూడోది అన్నిటికన్నా పెద్దది. ఏ వస్తువైనా ఒకరోజు పాడవుతుంది. ఎలా పాడవుతుందన్నదే చూడాలి. సాలిడ్ స్టేట్ రిలే ఎక్కువగా షార్ట్ అయి పాడవుతుంది, అంటే ఆన్‌లోనే ఉండిపోతుంది. రెండు ఫేజులు షార్టయి మూడోది తెగి ఉంటే మోటార్ మూలిగి కాలుతుంది. ఒక్క ఫేజే షార్టయితే మోటార్ తిరగదు, కానీ కేబుల్‌లో కరెంటు ఉంటుంది. బాగున్నదాంట్లో కూడా ఆఫ్‌లో కొన్ని మిల్లీ ఆంపియర్లు కారుతూనే ఉంటాయి. కొన్ని త్రీఫేజ్ రకాల్లో రెండు ఫేజులే కట్ అవుతాయి, మూడోది నేరుగా పోతుంది. మోటార్ ఆగింది కదా అని తడి చేతులతో కేబుల్ జాయింటు విప్పేవాడి సంగతేంటి? స్టార్టర్ దగ్గర షాక్ కొట్టి మనిషిని పోగొట్టుకున్న ఇళ్లు మన పల్లెల్లో తక్కువేం కాదు. కాంటాక్టర్ పాయింట్లు కూడా ఒక్కోసారి అతుక్కుంటాయి, కాబట్టి ఏది పెట్టినా మెయిన్ స్విచ్ తీసి, ఫ్యూజులు పీకి, టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

మరి దీన్ని ఎక్కడ వాడాలి? మాటిమాటికీ ఆన్ ఆఫ్ అయ్యేచోట. నాటుకోళ్ల గుడ్లు పొదిగే ఇంక్యుబేటర్ తీసుకోండి. 37.5 డిగ్రీల దగ్గర నిలబెట్టడానికి హీటర్ నిమిషానికోసారి వెలిగి ఆరితే రోజుకు 1,440 సార్లు. చిన్న నీలం రిలేకు లక్షసార్లు 70 రోజుల్లో అయిపోతాయి. అక్కడ సాలిడ్ స్టేట్ రిలే పెట్టుకోండి, హీటర్‌కైతే జీరో క్రాసింగ్ రకం బాగా సరిపోతుంది. కానీ అది షార్టయితే హీటర్ ఆరదు, గుడ్లన్నీ ఉడికిపోతాయి. అందుకే 39 డిగ్రీల దగ్గర కట్ అయ్యే రెండో థర్మోస్టాట్‌తో ఒక మామూలు రిలేను అదే లైనులో వరసగా పెట్టండి. రోజూ పని చేసేది కొత్తది, ఆపదలో కాపాడేది పాతది.

డ్రిప్ వాల్వులు 24 వోల్టుల ఏసీవి అయితే పావు ఆంపియరు లోడే, ట్రయాక్ రకం సరిపోతుంది. బ్యాటరీ మీద నడిచే డీసీ వాల్వులకు మాత్రం అది పెట్టొద్దు, ఒకసారి ఆన్ అయితే మళ్లీ ఆగదు. వాటికి మాస్‌ఫెట్ ఉన్న డీసీ రకం అడగండి, కాయిల్‌కు అడ్డంగా డయోడ్ వేయించండి.

షాపులో నాలుగు ప్రశ్నలు అడగండి: ఏసీకా డీసీకా, హీట్ సింక్‌తో ఎన్ని ఆంపియర్లు, ఎన్ని వోల్టులు తట్టుకుంటుంది, పాడైతే ఆన్‌లో ఉండిపోతుందా ఆఫ్‌లోనా. చివరిదానికి జవాబు చెప్పలేని మనిషి దగ్గర మోటార్ స్టార్టర్‌లోకి ఏదీ కొనొద్దు.

నా మట్టుకు బోరు మోటార్‌కు కాంటాక్టరే ఉండాలి. మీ ఎలక్ట్రీషియన్ తమ్ముడికి కూడా ఇది చదివి వినిపించండి. ఆయన మాట వేరేగా ఉంటే కింద రాయండి, మాట్లాడుకుందాం.